తూటా తగలని జయపాల్

ఇబ్రహీంపట్నం థర్మల్ కాలనీ గ్రౌండు గేటుకి కట్టిన ఫ్లెక్సీలో జయపాల్ చేతిలో తుపాకీ, కాలి కింద బంతి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక మంచుకొండలు. 'గుండెల్లో తూటాలు దిగినా శిఖరం వదలని వీరుడు' అని కింద ఎర్రటి అక్షరాలు. ఏటా ఆ గేటులోంచి తలెత్తుకుని వెళ్లే సంజీవరావు ఈసారి కొడుకు బొమ్మ వంక కూడా చూడకుండా లోపలికి నడిచాడు. కార్గిల్ యుద్ధంలో జయపాల్ పక్కనే ఉన్న అబ్దుల్ రవూఫ్ ఇవాళ ముఖ్య అతిథి. సైన్యం నుంచి రిటైరై ఈమధ్యే గన్నవరం ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిన ఆ బందరు మనిషిని, జయపాల్ పేరు మీద ఏటా ఫుట్‌బాల్ టోర్నమెంటు నడిపే అంతోని ఎలాగో ఆరా తీసి పట్టుకొచ్చాడు.

జయపాల్‌కి తూటా తగల్లేదు. ఆ సంగతి కాలనీలో సంజీవరావుకీ, ఆయన భార్య శౌరమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

కాళ్లు అందరికీ ఉంటాయి. జయపాల్‌వి మాత్రం ఒకచోట ఉండేవి కావు. పిల్లలంతా క్రికెట్ బ్యాటు పట్టుకుని తిరిగే రోజుల్లో వాడు వరి కోసిన చేలల్లో, అరికాళ్లకి మోళ్లు గుచ్చుకుంటున్నా, చెప్పుల్లేకుండా బంతి తన్నాడు. తెల్లారకముందే బూడిద చెరువు గట్టు చుట్టూ పరుగు. "మావాడివి ఊపిరితిత్తులు కావయ్యా, కమ్మరి కొలిమి తిత్తులు" అని సంజీవరావు బొగ్గు ప్లాంటులో డ్యూటీకి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ పరుగే వాణ్ణి ఆర్మీలోకి తీసుకెళ్లింది. రెజిమెంటు జట్టులో లెఫ్ట్ హాఫ్ అయ్యాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక కప్పు తెచ్చేవాడు. శౌరమ్మ వాటిలో పెద్దదాన్ని చూసి చింతపండు పోసుకుంది. తల్లికి ఎక్కడికక్కడ పనికొచ్చే కొడుకు వాడు.

యుద్ధం వచ్చింది. ఆటగాళ్లనీ కొండలెక్కించారు. కొన్నాళ్లకి పెట్టె వచ్చింది. వెంట వచ్చిన ఆఫీసరు సంజీవరావుని పక్కకి పిలిచి, అంత ఎత్తు ఒంటికి పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, అది కూడా యుద్ధంలో పోవడమేనని నెమ్మదిగా చెప్పాడు. చర్చి గుమ్మంలో పక్కింటి రత్తయ్య, "ఎక్కడ తగిలిందయ్యా?" అన్నాడు.

కొలిమి తిత్తులన్న నోటితో ఊపిరాడక పోయాడని ఎలా చెప్పేది? "రొమ్ముకి" అన్నాడు సంజీవరావు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఒక తూటా రెండయింది, తర్వాత ఊరే లెక్క మానేసింది. శౌరమ్మ మాత్రం ఒక్కసారే అంది: "వాడు చచ్చిన చావు నీకు చాల్లేదా?"

ఫైనల్ మ్యాచ్ అయ్యాక అంతోని రవూఫ్‌కి మైకు ఇచ్చాడు. "సార్, ఆ శిఖరం మీద ఏం జరిగిందో మా కుర్రాళ్లకి చెప్పండి." తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు సంజీవరావు. రవూఫ్ ఫ్లెక్సీని చూశాడు, ముసలాయన్ని చూశాడు. "తూటాలు తగిలినా వెనక్కి రాలేదండీ మా జయపాల్" అని కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి. సంజీవరావు ప్రాణం కుదుటపడింది. కుదుటపడినందుకు మరుక్షణమే సిగ్గేసింది.

"ఎందుకు బాబూ అలా చెప్పావ్?" అని సంజీవరావు రవూఫ్ చెవిలో అడిగాడు.

"మీకు ఆర్మీవాళ్లు అలా చెప్పారేమో అనుకున్నానండి. ఇంతమందిలో కాదనలేకపోయాను."

"నాకెవరూ చెప్పలేదు. ఆ అబద్ధం నాదే." ఇన్నేళ్లుగా ఎవర్నీ అడగనిది అప్పుడు అడిగాడు. "అసలెలా పోయాడు మావాడు?"

రవూఫ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పైకి పంపేముందు డాక్టరు గారు అందర్నీ అడిగారండి, ఆయాసం ఉందా, దగ్గు ఉందా అని. మావాడికి రెండూ ఉన్నాయి. చెప్పెయ్యరా, కిందికి దించేస్తారు, బతికిపోతావ్ అన్నాను. 'ఆట మధ్యలో బయటికొస్తే మా నాన్న నా మొహం చూడడ్రా' అన్నాడండి. డాక్టరు గారికి బాగానే ఉందని చెప్పాడు."

అది నిజం. గుడివాడలో ఒకసారి మోకాలు వాచి ఆట మధ్యలో బయటికొస్తే, సంజీవరావు వారం రోజులు వాడితో మాట్లాడలేదు. వాడు కుంటుకుంటూ మంచినీళ్లు తెచ్చిచ్చినా తీసుకోలేదు. కొడుకుని మొనగాణ్ణి చేస్తున్నాననుకున్నాడు అప్పట్లో.

కప్పు ఇవ్వడానికి పిలిచారు. సంజీవరావు కప్పు వదిలేసి మైకు అందుకున్నాడు. "మావాడికి తూటా తగల్లేదు. ఊపిరాడక పోయాడు. ఒంట్లో బాలేదని డాక్టరుకి చెప్పుకోలేదు, నాకు భయపడి. ఆ తూటాలు నేను కల్పించినవి."

అంతోని వచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, మైకు మెల్లగా లాక్కున్నాడు. "పెద్దాయన కదండీ. కొడుకు గుర్తొచ్చేసరికి ఏం మాట్లాడుతున్నారో ఆయనకే తెలియట్లేదు. వీర జవాన్ జయపాల్!"

"అమర్ రహే!" అంది గ్రౌండంతా. సంజీవరావు "కాదు, కాదు" అంటూనే ఉన్నాడు. ఆ మాట రవూఫ్‌కి తప్ప ఎవరికీ వినపడలేదు. గెలిచిన జట్టు కెప్టెన్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆయన కాళ్లకి వంగాడు. సంజీవరావు కాళ్లు వెనక్కి లాక్కోబోయాడు. కుర్చీ అడ్డమొచ్చింది.