మావ పడవ కోసం కూర్చున్న ప్రోగ్రాము

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం చెయ్యడం కంటే ఉద్యోగం గురించి చెప్పుకోవడం ఎక్కువ ఇష్టంగా ఉండేది. రాజాంలో ఇంజనీరింగు అయిందనిపించి, విజయనగరంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇక ఏ పెళ్ళిలో చుట్టాలు కనిపించినా, "నడుస్తున్న కంప్యూటర్ని ఆపకుండానే దాని కెర్నల్ మార్చేస్తాం" అని గొప్పలు పోయేవాణ్ణి. (కెర్నల్ అంటే కంప్యూటరు లోపల మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కులాంటి ప్రోగ్రాము. దాన్ని మార్చాలంటే మామూలుగా మిషను ఆపి, మళ్ళీ లేపాలి.) ఆ పని నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా చెయ్యలేదన్న సంగతి చుట్టాలకు తెలియదు. మా అత్త మాత్రం లొంగేది కాదు. "ఆపీసి మార్సుకోరాదేటిరా, ఆపితే ఏటైపోద్ది?" అనేది.

ఆపితే ఏమైపోతుందో మా కంపెనీకి తెలుసు. భోగాపురం దిగువన రేవులో పడవలకు మేము సిగ్నల్ పెట్టెలు బిగించాం. అవి పంపే కబుర్లు అందుకునే మిషను మత్స్యకారుల సంఘం గదిలో ఉండేది. పడవ బయల్దేరేటప్పుడు ఒక్కసారే ఆ పెట్టె తన పేరు చెప్పుకుంటుంది. మిషను ఆపితే ఆ పేర్లన్నీ పోతాయి, పడవ తిరిగొచ్చేదాకా అది ఎక్కడుందో తెలియదు. ఈ ఏర్పాటు, మేము కంగారు సారని పిలుచుకునే మా పై ఆఫీసరుది. (తర్వాత ఆయనే "ఇలా ఎవరు పెట్టారయ్యా" అని నన్ను కోప్పడ్డాడు.) ఒక్కో పడవకు ఒక్కో చిన్న ప్రోగ్రాము, దాని పిలుపు కోసం లోపల కూర్చుని ఉంటుంది.

ఆ ఏడాది తుఫాను ఒడిశా వైపు పోతుందనుకున్నది మా వైపు తిరిగింది. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడిపోయింది. పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి, మా మావ పడవ కూడా. ఆడవాళ్ళంతా తడిసిన చీరలతో సంఘం గదిలో చేరి నా వీపు వెనక నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మిషను మొరాయించడం మొదలుపెట్టింది. పిలుపులు ఒక్కసారిగా వచ్చిపడితే కెర్నల్లో ఒక చోట లోపం వల్ల బిగుసుకుపోతోంది. సారు ఫోన్లో, "మందు పంపించేనయ్యా, నడుస్తుండగానే ఎక్కించీ" అన్నాడు. మందంటే లోపం దిద్దిన కొత్త కోడు, ఎక్కించడమంటే పాత కోడు గుమ్మంలో ఒక మళ్ళింపు పెట్టడం. కొత్తగా వచ్చేవాళ్ళు కొత్త గదిలోకి పోతారు. పాత గదిలో ఉన్నవాళ్ళు తమంతట తాము బయటికొచ్చేదాకా మాత్రం ఆగాలి. కళ్ళు మూసుకుని మీట నొక్కాను. పిలుపు అందిన ప్రోగ్రామల్లా బయటికొచ్చి కొత్త దారి పట్టింది. ఒక్కటి మాత్రం కదల్లేదు. అది మావ పడవది. పడవ పలికితేనే అది లేస్తుంది, పడవేమో పొద్దున్నుంచీ పలకలేదు. ఇప్పుడు పలికినా ప్రమాదమే, పాత కోడులో ఉన్న ఆ ఒక్కటే మిషను మొత్తాన్ని పట్టి ఆపెయ్యగలదు.

సారు గొంతు స్పీకర్లో గదంతా వినిపించింది. "ఆ ఒక్క ప్రోగ్రాం తీసీయయ్యా. దాని పడవ ఎలాగూ మాటాడ్డం నేదు కదా."

"ఏది తీసీమంతన్నాడురా ఆయన?" అంది అత్త.

"మావ పడవ కోసం కూకున్నది అత్తా. తీసీస్తే మిషను బాగుపడతాది."

"మరి మీ మావ పలికితే ఎవులు వింటారు?"

మా వాళ్ళ ఇళ్ళల్లో పడవ రానిదే పొయ్యి ఆర్పరు. గ్యాసు వచ్చాక కూడా అత్త చిన్నమంట మీద ఉత్త నీళ్ళు పెట్టి ఉంచేది, మావ ఏమో సిలిండరు అయిపోతోందని దెబ్బలాడేవాడు. అలాంటి అత్త ముందు కూర్చుని ఆ ప్రోగ్రామును తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అటు మిగతా పడవల వాళ్ళ పెళ్ళాలు కూడా నన్నే చూస్తున్నారు. పరిగెత్తి ఎటైనా పారిపోదామనిపించింది.

అంతలో అత్త గోడకి జేరబడి కునికింది. పక్కావిడ టీ ఇద్దామని భుజం తట్టింది. అత్త ఉలిక్కిపడి లేచి, గుమ్మం దాకా వెళ్ళి సముద్రం వైపు చూసి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. అది చూసి నాకు బుర్ర వెలిగింది. ఆ ప్రోగ్రామును తీసెయ్యక్కర్లేదు, ఒకసారి తట్టి లేపితే చాలు. కబురేమీ లేని ఉత్తుత్తి సిగ్నల్ పంపాను. అది లేచి, బయటికొచ్చి, ఏమీ లేదని చూసుకుని, కొత్త దారిలో లోపలికెళ్ళి మళ్ళీ మావ కోసమే కూర్చుంది. మిషను ఇక బిగుసుకోలేదు. చీకటి పడేలోగా మిగతా పడవలన్నీ ఒడ్డెక్కాయి. నన్ను మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు గానీ, అత్త మొహం చూడలేక నేను తెర వైపే చూస్తూ ఉండిపోయాను.

తుఫాను వెలిశాక మావ ఒడిశా నుంచి లారీ మీద వచ్చాడు, బొత్తాలు పట్టని ఎవరిదో చొక్కా తొడుక్కుని. "సొక్కా ఎవుల్ది?" అంది అత్త. "ఎవుల్దో. పడవ పోనాదే," అన్నాడు మావ. మావ మళ్ళీ సముద్రం మీదికి పోలేదు. విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళే ముందురోజు సంఘం గదికొచ్చి, "మన పడవ ఉన్నాదేటిరా ఇందల?" అని అడిగాడు. "దాని కోసం ఈ ప్రోగ్రాము ఇంకా సూస్తన్నాది మావా, తీసీమంటావా?" అన్నాను. మావ తెర వైపు చూసి, "సూడనీ," అన్నాడు.

ఇప్పుడు నా కింద పని చేసే కుర్రాళ్ళు కదలకుండా కూర్చున్న ప్రోగ్రామును చూస్తే చాలు, తీసేద్దామంటారు. అది ఎవరి కోసం కూర్చుందో ముందు కనుక్కోండి అంటాను. ముసలాడికి చాదస్తమని చాటుగా నవ్వుకుంటారు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో గొప్పలు పోయిన ఆ కుర్రాడు ఇక్కడ ఉన్నా వాళ్ళతో కలిసి నవ్వేవాడే.