కెట్ అత్త తప్పు గుమ్మాలు

కెట్ అత్త పోయి ఏళ్లు గడిచినా, కార్టర్ కొండ మీద ఆవిడ పేరెత్తితే చాలు, ముందు నవ్వే వస్తుంది. బదుళ్ల అత్త అనేవాళ్లు ఆవిణ్ణి. ఒకరింట్లో రంపం బదులు తెచ్చుకునేది, ఇంకొకరింట్లో సీమపనసకాయలు కోసే దోటి. పనయ్యాక ఎర్రమట్టి దారిలో ఆయాసపడుతూ నడిచి వెళ్లి, ఆ వస్తువుని చక్కగా వేరేవాళ్ల గుమ్మంలో పెట్టేది. "ఇది మాది కాదత్తా!" అంటే, "అయ్యో, నా మతి మండిపోనూ! కాస్త వాళ్లకిచ్చెయ్ తల్లీ, నా మోకాళ్లు లేవట్లేదు" అని, అక్కడే ఓ గ్లాసు పుదీనా టీ తాగి వెళ్లిపోయేది. మర్నాడు అవే మోకాళ్లతో కొండ దిగి సంతకెళ్లి, ఉల్లికాడల గంప నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేది. ఆ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆవిడ ఒకప్పుడు మొరేవియన్ క్రైస్తవ సంఘంలో సహాయకురాలు. అందరూ రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్లకు ముందు వారం సహాయకులు ఇంటింటికీ వెళ్లి, ప్రతి ఒక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే మాట అడగాలి: "ఎవరితోనైనా మనసులో ముడి ఉందా?" ఉంటే విప్పుకుని రావాలి, లేదా బల్లకు దూరంగా ఉండాలి. ఇది తాతల నాటి కట్టడి. అంత పెద్ద పని వస్తువుల లెక్కే తెలియని మనిషికేమిటని సంఘమంతా కూర్చుని, చేతులెత్తి, కెట్ అత్తని తీసేశారు. మహా తెలివైన సంఘం మరి! ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే ఎవరింటికో జల్లెడ బదులుకెళ్లింది.

ఇప్పుడు ఆ పని డెల్‌రోజ్ మీద పడింది. చిన్న బడిలో వంట చేసే మనిషి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆదివారం బల్ల దగ్గర ఆమెని సహాయకురాలిగా నిలబెడతారు. అదే రోజు సంఘం పండగ కూడా. కొత్తగా బాధ్యత తీసుకునేవాళ్లు పాతకాలపు నాయకుల్లో ఒకరిని గురించి, వాళ్ల దగ్గర నేర్చుకున్నదేమిటో చెప్పాలని పాస్టర్ లిండో అడిగారు. కొత్తగా కోశాధికారి అవుతున్న మాస్ ఫెర్డీ వెంటనే ఓడ మీద వచ్చిన మొదటి మిషనరీని పట్టేశాడు.

"ఆయన పటం గోడ మీద ఉందిగా, చూసి చదివేస్తాడు" అంది డెల్‌రోజ్.

"గోడ మీద పటం లేనివాళ్లెవరైనా ఉంటే చెప్పమ్మా, సంతోషిస్తాను" అన్నారు పాస్టర్.

"అయితే నేను కెట్ అత్త గురించి చెప్తా. కనీసం జనం నిద్రపోరు."

అందరూ పగలబడి నవ్వారు. డెల్‌రోజ్ కూడా నవ్వింది. నవ్వుకోడానికే ఆ పేరు చెప్పింది. పైగా ఆవిడ మీద ఆమెకి కాస్త కోపం కూడా. అమ్మ వాడిన పోత ఇనుప కుండని బదులు తీసుకుని, తిరిగివ్వకుండానే మంచం పట్టి పోయింది ముసలావిడ.

ఇంటికెళ్లే దారిలో మాత్రం నవ్వు రాలేదు. సహాయకురాలిగా ఆమె వెళ్లాల్సిన ఇళ్లలో అక్క యూనా ఇల్లు కూడా ఉంది.

అమ్మ మంచాన పడితే ఏళ్ల తరబడి చూసుకుంది డెల్‌రోజ్. యూనా సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే ఊళ్లో ఉండేది. జ్వరం ముదిరినా అమ్మ తట్టుకుంటుందిలే అనుకుని డెల్‌రోజ్ కబురు పంపలేదు. అమ్మ తట్టుకోలేదు. శవజాగారం నాడు, పాటలు పాడుతున్న ఊరందరి ముందూ యూనా లేచి నిలబడి, "అమ్మ చివరి చూపు దొంగిలించావే నువ్వు!" అంది. అంతే. ఆ తర్వాత యూనా కొండ మీదికే వచ్చి స్థిరపడినా, అక్కచెల్లెళ్ల మధ్య పలకరింపు లేదు. బల్ల రోజున పక్కపక్కవాళ్లు కుడిచెయ్యి అందించుకోవాలి గనక, గుడిలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చునేవాళ్లు. ముడి ఉందా అని అడిగితే డెల్‌రోజ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "మాటలే లేవు, ఇంక తగువెక్కడిది?"

ఇప్పుడు అదే ప్రశ్న తను అడగాలి. ఏ మొహంతో అడుగుతుంది? పాస్టర్‌తో నావల్ల కాదని చెప్పేద్దామా అని కూడా అనుకుంది.

శుక్రవారం గుడి వెనక వంటింట్లో, పండగనాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి తీపి రొట్టెలు కాలుస్తున్నారు. జాజికాయ వాసన వీధి దాకా కొడుతోంది. డెల్‌రోజ్ పిండి పిసుకుతోంది, మిస్ ఐసిల్డా కొబ్బరి కోరుతోంది, మాస్ ఫెర్డీ కట్టెలు మోసుకొచ్చి కూలబడ్డాడు.

"ప్రసంగానికి సరుకు కావాలి. కెట్ అత్త మీకేం చేసిందో చెప్పండి" అంది డెల్‌రోజ్.

"ఏం చేసిందా? నా రంపం పట్టుకెళ్లి ఎగ్బర్ట్ గాడింట్లో పెట్టింది మహాతల్లి!" అన్నాడు ఫెర్డీ. "అసలే మా ఇద్దరికీ అప్పుడు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వాడి మేక నా కందిచేను మొత్తం మేసేసింది."

"మరేం చేశావ్?"

"ఏం చేస్తాను, రంపం లేకపోతే పని జరగదుగా. పళ్లు నూరుకుంటూ వెళ్లా. వాడు కర్రపెండలం రొట్టె, వేయించిన చేప ముందేసుకుని కూర్చున్నాడు. 'తింటావా' అన్నాడు. ఆకలేస్తోంది, తిన్నా. ఇప్పుడు చూడు, వాడు లేందే నాకు డొమినో ఆట సాగదు."

"నాదీ అంతే! నా బట్టల తొట్టి తీసుకెళ్లి పెర్ల్ గుమ్మంలో పడేసింది. ఆ పెర్ల్‌కీ నాకూ అప్పట్లో..." అని ఐసిల్డా ఆగింది. చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోయింది. "అప్పట్లో మాటల్లేవు. దానికోసం వెళ్లాకే కలిశాం."

డెల్‌రోజ్ పిండిలోంచి చేతులు తీసింది.

"ఆగండాగండి. ఏ గొడవా లేని ఇంట్లో ఆవిడ ఒక్క వస్తువైనా పొరపాటున పెట్టిందా? గుర్తు తెచ్చుకోండి."

ఇద్దరూ ఆలోచించారు. వాళ్లవీ వీళ్లవీ పేర్లు చెప్పుకున్నారు. తొట్టి, రంపం, జీను, గొడుగు, ఒకరి పెళ్లి టోపీ కూడా. ప్రతిదీ వెళ్లాల్సిన ఇంటికి కాకుండా, మొహమొహాలు చూసుకోని ఇంటికే వెళ్లింది.

"ఓరి దేవుడా!" అంది ఐసిల్డా. "మతి పోయిందని తీసేశాం కదరా ఆవిణ్ణి."

"తియ్యమని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నా" అన్నాడు ఫెర్డీ, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటూ.

డెల్‌రోజ్ కూడా ఎత్తింది. చాలా ఎత్తుగా ఎత్తింది. ఆ రోజు కెట్ అత్త తన వంకే చూసి, మంచి పిల్లని చూసినట్టు నవ్వడం ఇప్పుడు గుర్తొచ్చింది. సహాయకురాలన్న పేరు ఊడబెరికేసినా సహాయం మానలేదు ముసలావిడ. ఊరు కలవడం కోసం ఊరి చేత పిచ్చిదనిపించుకుంది, ఒక్కసారైనా నోరు విప్పి చెప్పుకోలేదు. డెల్‌రోజ్‌కి ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మంచం పట్టడానికి కొద్దిరోజుల ముందు కెట్ అత్త డెల్‌రోజ్ ఇంటికి ఒక తురుము పలక తెచ్చింది, కర్రపెండలం తురుముకునే చిల్లుల రేకు పలక.

"ఇది నాది కాదత్తా, యూనాది" అంది డెల్‌రోజ్ గడప దాటకుండానే.

"అయితే ఇచ్చిరా తల్లీ."

"నా కాలు ఆ ఇంట్లో పడదు. కావాలంటే అదే వచ్చి పట్టుకెళ్తుంది."

"సరేలే. ఎప్పుడు వీలైతే అప్పుడే ఇద్దువుగాని" అని, పలకని అరుగు మీద పెట్టి, ఆ రోజు టీ కూడా అడక్కుండా వెళ్లిపోయింది కెట్ అత్త.

ఆ పలక పెరటి గోడకి మేకు మీద వేలాడుతూనే ఉంది. వానకి తడిసింది, ఎండకి ఎండింది.

"రొట్టెలు మీరు చూసుకోండి" అని డెల్‌రోజ్ పిండి చేతులతోనే బయటపడింది.

ఇంటి దగ్గర పలక తీసుకుని ఆమె వెళ్లేసరికి యూనా తన వాకిట్లో కోళ్లకి గింజలు వేస్తోంది. చెల్లెల్ని చూసింది. చేతిలోని పలకని చూసింది.

"నీది. కెట్ అత్త మా ఇంట్లో పెట్టింది."

యూనా పలక అందుకుని అటూ ఇటూ తిప్పింది. చిల్లులన్నీ ఎర్రగా మూసుకుపోయాయి. "బాగానే తుప్పు పట్టించావే."

"పట్టించానక్కా." డెల్‌రోజ్ చేతికంటిన పిండి దులుపుకుంది. "తెచ్చిద్దామనుకున్నా... కాదు, అనుకోలేదు. నువ్వే రావాలని కూర్చున్నా."

యూనా గింజల పళ్లెం కింద పెట్టి లోపలికెళ్లింది. తలుపేసుకుంటుందేమో అనుకుంది డెల్‌రోజ్. కానీ యూనా రెండు చేతులతో బరువుగా ఒక కుండ పట్టుకుని బయటికొచ్చింది. అమ్మ వాడిన పోత ఇనుప కుండ! అడుగూ అంచూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా తుప్పు చుక్క లేదు.

"ముసల్ది నాకిచ్చి, డెల్‌రోజ్‌కి ఇచ్చిరా అంది. నేనూ రాలేదు. నాకు మాత్రం పొగరు తక్కువా? కానీ అమ్మ కుండ కదా. తుప్పు పడుతుందని నూనె రాస్తూ వచ్చా."

డెల్‌రోజ్ కుండని గుండెకి హత్తుకుని మెట్టు మీద కూలబడి ఏడ్చింది. "కబురు పంపాల్సిందక్కా. బతుకుతుందనుకున్నా. నిజంగా బతుకుతుందనే అనుకున్నా."

"నాకు తెలుసే" అంది యూనా పక్కన కూర్చుంటూ. "ఆ రాత్రే తెలుసు. అంత మాట ఊరందరి ముందూ అన్నాక దాన్ని వెనక్కెలా తీసుకోవాలో తెలియలేదు."

యూనా మోచేత్తో పొడిచింది. "సహాయకురాలివి అవుతున్నావటగా. అడుగు మరి."

"ఏం అడగను?"

"ఊరందరినీ అడిగేదే."

డెల్‌రోజ్ ముక్కు తుడుచుకుంది. "ఎవరితోనైనా మనసులో ముడి ఉందా అక్కా?"

"ఉండేది" అంది యూనా. "లేచి లోపలికి రా, జావ తాగి వెళ్దువుగాని."

వెళ్లేటప్పుడు డెల్‌రోజ్ తురుము పలక అడిగింది, ఆదివారం తుప్పుతో సహా అందరికీ చూపించాలని. యూనా ఇవ్వనంది. "నా వస్తువు. నేనే తెస్తా."

ఆదివారం పలక తెచ్చింది యూనా, తళతళా మెరుస్తోంది. డెల్‌రోజ్ దాన్ని పటాల గోడ కింద బల్ల మీద ఆనించి మాట్లాడింది. ప్రసంగం పొడుగు లేదు. "ఇలా శుభ్రంగా ఉందని మోసపోకండి, నా ఇంట్లో ఇది తుప్పు పట్టింది. కెట్ అత్త మొదలుపెట్టి, బతికుండగా పూర్తికాని ఆఖరి పని ఇదే, కానివ్వనిది నేను. మనల్ని నడిపించినవాళ్లంతా ఈ గోడ మీద ఉన్నారనుకున్నాను. ఒకావిడ మన వెనకాలే నడిచింది, మనం నవ్వుతుంటే మనతో పాటు నవ్వుతూ. నాకంత ఓర్పు ఉందో లేదో తెలీదు. నేర్చుకుంటాను." ముందు వరసలో మాస్ ఫెర్డీ చేతిరుమాలు తీశాడు. ఓడ మీద వచ్చిన మిషనరీ గురించి రాసుకొచ్చిన కాగితం మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

రొట్టె విరిచే ముందు పాస్టర్ అందరినీ కుడిచెయ్యి అందించుకోమన్నారు. డెల్‌రోజ్ ఆ రోజు ఈ చివర కూర్చోలేదు, అక్క పక్కనే కూర్చుంది. యూనా చెయ్యి చాచింది. దాన్ని పట్టుకోబోతూ డెల్‌రోజ్ ఒక్క క్షణం ఆగి చూసింది. ఎంత తోమి కడుక్కున్నా, అక్క వేళ్ల సందుల్లో తుప్పు మరక ఇంకా పోలేదు.