పెద్దమ్మ గదిలో మూడో మనిషి

“నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“చెప్పి చూడు. మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు.”

“తొక్కకు తల్లీ. పై వాటాలో ఉండేదానివి, మెట్లు దిగకుండా గాల్లో ఎగిరిపోతావా? పాటలు నేర్పేదానివి, ఎడమ చెవి పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. ఎన్నాళ్ళు దాస్తావే?”

“పిల్లలు శ్రుతి తప్పితే నాకు తెలుస్తూనే ఉందక్కా. మెడలు చూస్తే తెలిసిపోతుంది. నరం బిగుసుకుంటుంది.”

“ఆహా! మెడలు చూసి సంగీతం చెప్పే టీచరువి నువ్వొక్కదానివే.”

“నవ్వకు. బడిలో తెలిస్తే పాట తీసేసి లైబ్రరీలో కూర్చోబెడతారు. అక్కడ కూర్చుని నేనేం చెయ్యను?”

ఆ తర్వాత ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

ఈ గొడవ జరిగింది రెండు వాటాల ఇంట్లో, కింది గదిలో. విన్నవాడు మాత్రం ఊరికి అవతలి పక్క చెప్పుల కొట్లో, నిచ్చెన మీద, నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కెమెరాలు బిగించడం వాడి పని. కాలేజీ సగంలో వదిలేశాడు. బెంచీ మీద కాసేపు కుదురుగా కూర్చోలేనివాడు నిచ్చెన మీద మాత్రం ఎంతసేపైనా నిలబడగలడు. వీధిలో అందరూ వైర్లబ్బాయి అంటారు. అప్పుడే గోడకు తగిలించిన కెమెరా పనిచేస్తోందో లేదో చూద్దామని ఫోన్ తీశాడు. తెర నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో కొట్టు, ఒక్కో ఇల్లు. వేలు జారి పక్క గడి మీద పడింది. దాని పేరు ‘పెద్దమ్మ’.

వేలు జారిన మాట నిజమే. వెంటనే మూసెయ్యకపోవడం మాత్రం జారడం కాదు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, గొంతులు పెద్దమ్మవీ అమ్మవీ, విషయం అమ్మది. కింద నుంచి చెప్పుల కొట్టాయన “ఏం బాబూ, బొమ్మ వస్తోందా?” అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ కెమెరా పెద్దమ్మ అడిగి పెట్టించుకున్నది కాదు. అంతకు కొన్నాళ్ళ ముందు ఆవిడ బాత్‌రూమ్ ముందు జారిపడి, చెల్లెలు పాలు పట్టుకుని కిందికి దిగేదాకా నేల మీద అలాగే పడి ఉంది. ఎముకేదీ విరగలేదు. “మంచం కింద ఇంత బూజుందని ఒక్కరూ చెప్పరేంట్రా” అని నవ్వేసింది గానీ, ఆ రాత్రంతా గదిలో లైటు ఆర్పకపోవడం వాడు చూశాడు. మర్నాడే బీరువా మీద కెమెరా పెట్టేశాడు.

“ఏంట్రా ఇది, బీరువాకి కన్ను మొలిచింది?”

“నీకోసమే. పడితే వెంటనే తెలుస్తుంది.”

“చూడ్డమేనా? వినపడుతుందా కూడా?”

“వినపడుతుంది. అయినా నీ గదిలో మాటలు నేనెందుకు వింటాను పెద్దమ్మా? నాకు వేరే పనేం లేదా?”

ఆవిడ ఇంకేదో అడగబోయి ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు ఉద్యోగం నేర్పిన విద్య.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్ చెయ్యాలంటే మధ్యలో ఒక మనిషి కలపాల్సిన రోజుల్లో, ఆ మధ్యలో కూర్చున్న మనిషి పెద్దమ్మ. గోడంత బోర్డు, దాని నిండా కన్నాలు, చేతిలో తాడు లాంటి వైరు, దాని కొసన ప్లగ్గు. ఎత్తు కుర్చీలో కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఈ కన్నంలోంచి తీసి ఆ కన్నంలో గుచ్చుతూ ఉండేది. హెడ్‌సెట్ ఇనప బద్ద ఒరిసిన చోట నడినెత్తిన జుట్టు ఇప్పటికీ పల్చగానే ఉంటుంది. పురుళ్ళు, చావులు, పరీక్ష తప్పిన కబుర్లు, అలకలు, క్షమాపణలు, ఏమీ మాట్లాడకుండా ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండిపోయిన కాల్స్, అన్నీ ఆవిడ చేతి కింద నుంచే పోయాయి. తర్వాత మిషన్లొచ్చాయి. బోర్డు ఊడదీసి లారీలో వేసుకుపోయారు. పెద్దమ్మను ముందు ఫిర్యాదుల సెక్షన్లో కూర్చోబెట్టారు, ఆ తర్వాత బిల్లుల దగ్గర. అక్కడే రిటైరయింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు “లైను ఖాళీ లేదు” అని జవాబిచ్చేది. ఎవరి కోసం ఖాళీ లేదో ఇప్పటికీ ఎవరూ కనుక్కోలేకపోయారు.

ఆవిడేమీ దేవత కాదు. పేకాటలో అవతలివాళ్ళ ముక్కలు తొంగి చూస్తుంది. పక్కింటి కుక్క మీద పగబట్టింది. కానీ కడుపులో మాట దాగే మనిషి. అందుకే మిషను కుట్టే ఆవిడ, స్కూలు బస్సు డ్రైవరు, ఎవరో ఒకరు వచ్చి ఆ గదిలో ఎత్తుపీట మీద కూర్చుని, గుండెలో ఉన్నది దింపుకుని పోయేవాళ్ళు. ఆవిడ సలహాలిచ్చేది కాదు. చివర్లో “అయిందా? ఇంకా ఉందా?” అని మాత్రం అడిగేది. చెల్లెలైతే రోజూ బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ముందు అక్క గదిలోకే దూరేది. పెద్దమ్మకు రోజు మొదలయ్యేదీ ముగిసేదీ ఆ సాయంత్రంతోనే.

నిచ్చెన దిగిన వైర్లబ్బాయికి మనసు మనసులో లేదు. వాడి బుర్ర ఒక్కలాగే పనిచేస్తుంది: ఏదైనా పాడైందంటే బాగుచెయ్యాలి, అంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎప్పుడూ కూర్చునే చోటు మానేసి అమ్మకు కుడి పక్కన కూర్చున్నాడు. గొంతు పెంచి మాట్లాడాడు. నీళ్ళు కావాలా అన్నమాట కూడా వీధి చివరకు వినపడేలా అడిగాడు.

“ఎందుకురా అరుస్తావు?”

“అరవడం లేదే. అమ్మా, రేపు నాతో ఒక డాక్టరు దగ్గరికి రా. ఊరికే, చెవులు చూపిద్దాం. ఇప్పుడు మిషన్లు చాలా చిన్నవొస్తున్నాయి, జుట్టు కింద కనపడనే కనపడవు.”

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “నీకెవరు చెప్పారు?”

వాడు కంచంలోకి చూశాడు. ఆ సంగతి తెలిసింది అక్కకొక్కదానికే; ఆ చూపునే ఆవిడ జవాబు అనుకుంది. చెయ్యి కడుక్కుని మెట్లు దిగింది. వాడు పై మెట్టు మీద నిలబడి విన్నాడు, ఈసారి తన సొంత చెవులతో.

“ఊళ్ళో వాళ్ళందరి మాటలూ దాచావు. నా ఒక్కదాని మాట దాచలేకపోయావా అక్కా?”

పెద్దమ్మ నేను కాదని అనలేదు. అవునని కూడా అనలేదు. “కూర్చో” అంది. చెల్లెలు కూర్చోలేదు.

ఆ మర్నాటి నుంచి అమ్మ బడి నుంచి వచ్చి తిన్నగా పైకే ఎక్కేది. పాలు కొడుకు చేత పంపేది. కింద తలుపు తెరిచే ఉండేది. ఎత్తుపీట మాత్రం ఖాళీగా ఉండేది. చెల్లెలు కూడా మాట్లాడని మనిషి దగ్గర మనకేం పని అనుకున్నారో ఏమో, మిగతావాళ్ళ రాక కూడా పల్చబడింది. బస్సు డ్రైవరు ఒక రోజు వచ్చాడు. బీరువా పైకి చూశాడు. టీ తాగి, రోడ్డు మీద గుంతల గురించి నాలుగు మాటలు మాట్లాడి లేచిపోయాడు.

వైర్లబ్బాయి ఒకసారి ఉండబట్టలేక ఫోన్‌లో ఆ గడి తెరిచాడు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని నేరుగా కెమెరాలోకే చూస్తోంది. కోపం లేదు, తిట్టు లేదు. ఎవరో మాట్లాడతారని హెడ్‌సెట్ పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టు చూస్తోంది. వాడు చటుక్కున ఫోన్ బోర్లించాడు. తప్పు తనదని ఆవిడకు మొదటి రోజే తెలిసిందన్నమాట. తెలిసీ చెల్లెలితో అనలేదు. ఎందుకు అనలేదో వాడికి అంతుపట్టలేదు. తనే వెళ్ళి చెప్పెయ్యాలని రోజూ అనుకునేవాడు, రోజూ ఏదో ఒక పని గుర్తొచ్చేది. అదే సద్దుమణుగుతుందిలే అని సర్దిచెప్పుకునేవాడు. సద్దుమణగలేదు.

ఈలోగా వాడు పనిచేసే కెమెరాల షాపులో ఒక ముచ్చట జరిగింది. వాళ్ళ షాపులో ఒక పద్ధతుంది. కెమెరా ఎవరింట్లో బిగించినా దాన్ని తమ ఫోన్‌లో కూడా ఉంచుకుంటారు. రేపు ఏదైనా తేడా వస్తే అంతదూరం వెళ్ళక్కర్లేకుండా కూర్చున్న చోటి నుంచే సరిచెయ్యొచ్చని. సంగతి ఇంటివాళ్ళకు చెప్పరు. దాచాలని కాదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు ఒకాయన తన ఇంట్లో కెమెరా ఆగి ఆగి వస్తోందని ఫోన్ చేశాడు. షాపు ఓనరు చూడమన్నాడు. వైర్లబ్బాయి తెరిచాడు. వంటింట్లో ఒకావిడ గిన్నెలోంచే గరిటెతో తింటూ, ఎవరినో అనుకరిస్తూ తనలో తనే నవ్వుకుంటోంది. వాడు మైకు నొక్కి, “అమ్మా, ఒకసారి స్విచ్ ఆపి మళ్ళీ వెయ్యండి” అన్నాడు.

గరిటె ఎగిరి పడింది. కేక షాపంతా వినపడింది. కాసేపటికి ఆవిడే ఓనరుకు ఫోన్ చేసింది.

“ఎవరండీ అది? నేను వంటింట్లో ఉన్నట్టు వాడికెలా తెలుసు? అంటే ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నారా?”

“అయ్యో అమ్మా, మేమెందుకు చూస్తామండీ? మాకు వేరే పనేం లేదా?” అని ఓనరు నవ్వాడు.

వైర్లబ్బాయికి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట తనది. పెద్దమ్మతో తను అన్నదే. తనూ నవ్వుతూనే అన్నాడు, అప్పుడు అది అబద్ధం కూడా కాదు.

అక్కడే కూర్చుని గళ్ళు ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్, పిచ్చెక్కిందా? రేపు ఎవడి కెమెరా ఆగినా పరిగెత్తుతావా?”

“పరిగెత్తుతానన్నా. తలుపు కొట్టి లోపలికెళ్తాను.”

“పెట్రోలు మీ తాత పోస్తాడా?”

“నా జీతంలో కోసుకో.”

“కోస్తాను. కొయ్యననుకున్నావా!”

ఒక గడి మాత్రం మిగిలింది. దాని మీద వేలు పెట్టి, తీసి, ఇంటికి బయలుదేరాడు.

అమ్మ వంటింట్లో ఉంది. వాడు ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదాలు కనపడేలా, మామూలు గొంతుతోనే చెప్పాడు. “పెద్దమ్మ చెప్పలేదమ్మా. నేనే విన్నాను. ఆ కెమెరాలోంచి. మీరిద్దరూ గొడవపడ్డ రోజు.”

ఆవిడ స్టవ్ ఆపింది.

“ఏడ్చానే. అది కూడా చూశావా?”

“విన్నాను.”

“చెవులు పోతే పోనీరా, అదేదో నేను పడతాను. నా మాట ఎవరికి చెప్పుకోవాలో నేను తేల్చుకోవాలి కదా, అది కూడా లాగేసుకున్నావు. నేను మా అక్కకి చెప్పుకున్నాను. నీకు కాదు.”

“బాగుచేద్దామనే…”

“నేనేమైనా స్విచ్ బోర్డునా?”

ఆవిడ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ మెట్లు దిగింది. వాడు ఈసారి మెట్ల మీద నిలబడలేదు. మేడ మీదికి పోయి, ఏమీ వినపడని చోట, చీకటి పడేదాకా అటూ ఇటూ తిరిగాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని కిందికి వెళ్ళాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి, ఇద్దరి చేతుల్లోనూ పేక ముక్కలున్నాయి. వాడు ఎవరి వంకా చూడకుండా కుర్చీ లాక్కుని ఎక్కాడు.

“దిగరా” అంది పెద్దమ్మ. “ఎవరు తియ్యమన్నారు దాన్ని?”

“ఇంకెందుకు పెద్దమ్మా?”

“మళ్ళీ పడితే? ఆ రోజు నేలమీద పడి ఉన్నప్పుడు నాకేమనిపించిందో మీ ఎవరికీ చెప్పలేదు. పోతానని కాదురా భయం. ఎవరికీ తెలియకుండా పోతానేమోనని. అది ఉండనీ.”

వాడు కుర్చీ మీదే నిలబడి అడిగేశాడు. “కెమెరా వల్లేనని నీకు తెలుసు. అమ్మకి ఎందుకు చెప్పలేదు?”

“నీ తప్పు నువ్వు చెప్పుకోవాలి. నేను చెప్తే, నీ మాట నేను బయటపెట్టినట్టేగా?”

“నన్ను మాత్రం ఇన్నాళ్ళూ ఏడిపించింది” అంది అమ్మ, ముక్క వేస్తూ. “బడిలో నేనే చెప్తాను, నాకు చెప్పాలనిపించిన రోజు. ఎవరూ తొందరపెట్టొద్దు. అక్కా, నా ముక్కలు చూడకు.”

“చూళ్ళేదే.” పెద్దమ్మ తల తిప్పుకుని వాడి వైపు చూసింది. “ఒరేయ్, మేం వినేవాళ్ళం కాదనుకున్నావా? వినేవాళ్ళం. లైను తెగిందో ఉందో చూడాలంటే మధ్యలో దూరక తప్పదు, దూరితే వినపడక తప్పదు. అందుకని మా సూపర్‌వైజరు ఒకటే నేర్పింది. దూరే ముందు నోరు విప్పమనేది. ‘ఆపరేటర్ని, లైన్లోకి వస్తున్నాను’ అనాలి. అంటే వాళ్ళు గొంతు తగ్గించుకుంటారో, మాట మార్చుకుంటారో, వాళ్ళిష్టం. అనకుండా వినే పిల్లలూ మాలో ఉండేవాళ్ళు. అవతలివాళ్ళకి తెలిసేది కాదు. మాకు తెలిసేది.”

“ఇందులో తెరవగానే కనపడిపోతుంది పెద్దమ్మా. ముందు అనడానికి కుదరదు.”

“ఫోన్ బోర్లించి అను. బోర్లించావో లేదో నేనొచ్చి చూడను. నేను ‘ఊఁ’ అంటే చూడు. ‘తర్వాత’ అంటే మూసెయ్. ఏమీ పలక్కపోతే ఇంకేం అడగకు, పరిగెత్తుకురా.”

వాడు కుర్చీ దిగాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక నుంచి పిలిచింది.

“ఒరేయ్, పైకి వెళ్ళి అక్కడి నుంచి ఫోన్‌లో ఆ మాట ఒకసారి అను. ఎలా అంటావో విననీ. అరవకు, మీ అమ్మకి కూడా వినపడేలా, కాస్త నిదానంగా అను.”