అడగని మూడో ప్రశ్న

మొన్న పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఒక డర్ట్ బైక్ వచ్చి నా పక్కన ఆగింది. ఆగింది అనకూడదు, ఆగలేక అవస్థ పడింది. నడిపేవాడు క్లచ్ గట్టిగా పట్టుకునే ఉన్నాడు, అయినా బండి ముందున్న కారు మీదికి జానెడు జానెడు జరుగుతోంది. న్యూట్రల్ కోసం పాపం గేరు పెడల్‌ను తొక్కుతాడు, ఎత్తుతాడు, మళ్లీ తొక్కుతాడు. చక్రాల ఊచల నిండా ఎండిన ఎర్రమట్టి. ఆదివారం ఊరవతల గుట్టలెక్కి, సోమవారం అదే బండి మీద సోమాజిగూడ ఆఫీసుకు పోయే బాపతు. నేనేమో గేర్లే లేని స్కూటర్ మీద, కాళ్ల దగ్గర కూరగాయల సంచి పెట్టుకుని కూర్చున్నాను. క్లచ్ వదలడం లేదని చూడగానే తెలిసిపోయింది. చెబుదామని నోరు తెరిచేలోగా పచ్చదీపం పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి. అతను ఎగిరెగిరి పడుతూ బేగంపేట వైపు వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఎనిమిదేళ్ల కిందటి ఇలాంటి బండే ఒకటి గుర్తొచ్చింది.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో మాకొక రేకుల షెడ్డు ఉండేది. మాకు అంటున్నాను గానీ అది మా అన్నది. పని నేర్పిందీ అన్నే, అన్నం పెట్టిందీ అన్నే. చుట్టూ కోచింగ్ సెంటర్లు. కంప్యూటర్ భాషలు నేర్పుతామనే కరపత్రాలు రోజూ గంపెడు మా గుమ్మంలో పడేవి, వాటితోనే మేము చేతుల గ్రీజు తుడుచుకునేవాళ్లం. ఆ లెక్కన నాకు ఆ భాషలన్నీ కాస్తో కూస్తో అంటుకుని ఉండాలి. అన్నకు ఒక పద్ధతి ఉండేది. బండి రాగానే స్పానర్ ముట్టడు. స్టూల్ జరిపి, వచ్చినాయన్ని కూర్చోబెట్టి, మూడు మాటలు అడుగుతాడు. “బండి కింద పడ్డదా? ఎప్పటిసంది ఇట్ల చేస్తుంది? కొత్తగ ఏమన్న పెట్టిచ్చినవా?” మూడింటికీ జవాబొచ్చాకే హ్యాండిల్ దగ్గరి క్లచ్ లివర్ మీద చెయ్యి. లివర్ ఎంత వదులుంది, కేబుల్ ఎక్కడ పట్టేస్తోంది, తర్వాత ఆయిల్, అన్నీ చూశాక గానీ ఇంజన్ మూత విప్పడు. ఇంజన్ అరుస్తున్నా బండి కదలకపోతే క్లచ్ పట్టడం లేదు, లివర్ నొక్కి పట్టినా బండి పాకుతుంటే క్లచ్ వదలడం లేదు, రెండూ ఒకటి కావని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. నాకు చిరాకు. పోలీసు స్టేషన్లో లాగా ఈ విచారణేమిటని నవ్వేవాణ్ణి. ఇంజన్ విప్పేవాడే మెకానిక్కని నా నమ్మకం, తగలెయ్య.

ఆ రోజుల్లోనే అన్న కుడిచేయి కొద్దిగా వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు, ఎవరూ చూడలేదనుకునేవాడు. నేను చూశాను. చూసి ఎప్పటికైనా పనికొస్తుందన్నట్టు మనసులో దాచుకున్నాను.

అది పనికొచ్చిన రోజు కూడా వచ్చింది. మా పాత కస్టమర్ ఒకాయన తన డర్ట్ బైక్‌ను తోసుకుంటూ తెచ్చాడు. రెండు వారాల కింద దానికి క్లచ్ ప్లేట్లు మార్చింది అన్న. ఆ తర్వాత వారం, చేతులకు కొమ్మలు తగలకుండా హ్యాండిల్‌కు గార్డులు బిగించింది నేను. ఇప్పుడు గేర్లు పడటం లేదు, న్యూట్రల్ దొరకడం లేదు. అన్న ఎప్పటిలాగే స్టూల్ జరుపుతున్నాడు. నేను ఆగలేదు.

“ఇంక అడిగేదేముందన్నా. నీ చెయ్యి వణుకుతుంది, ప్లేట్లు సక్కగ కూసోలె. గేర్ బాక్స్ సుత పోయినట్టుంది. జర పక్కకు జరుగు, నేన్ జూస్త.”

కస్టమర్ తల దించుకున్నాడు. అన్న లివర్‌ను ఒక్కసారి నొక్కి వదిలాడు. హ్యాండిల్ వైపు కాసేపు, నా వైపు కాసేపు చూశాడు. “సరే రా, నువ్వే జూడు” అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి, “చెయ్యి మంచిగ లేదంట, ఇగ రాడంట” అంది.

నేను హుషారుగా గార్డులు ఊడదీసి పక్కన పడేసి, ఇంజన్ మొత్తం విప్పాను. ప్లేట్లు బ్రహ్మాండంగా కూర్చుని ఉన్నాయి. గేర్ బాక్సులో ఒక్క పన్ను కూడా అరగలేదు. మూడు రోజులు అన్నీ కడిగి, మళ్లీ బిగించి చూస్తే గేర్లు వేలితో వేసినా పడుతున్నాయి. నా గొప్పతనమే అనుకున్నాను. గార్డులు తిరిగి పెట్టగానే మళ్లీ అదే రోగం. నేను బిగించిన క్లిప్పు లివర్‌కు అడ్డుపడుతోంది, లివర్ పిడి దాకా రావడం లేదు, అందుకే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. క్లిప్పును రెండు వేళ్ల మేర పక్కకు జరిపాను. అంతే పని. ‘కొత్తగ ఏమన్న పెట్టిచ్చినవా’ అని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది. కస్టమర్‌కు మాత్రం గేర్ బాక్సులో లోపముంటే సరిచేశానని చెప్పాను, సిగ్గులేకుండా. అన్నకు అసలు ఏమీ చెప్పలేదు. వచ్చినవాళ్లంతా పెద్దన్న ఏడి అని అడిగి వెనక్కి తిరిగేవాళ్లు. ఏడాది తిరక్కుండానే షెడ్డు పోయింది. ఇప్పుడక్కడ లేడీస్ హాస్టల్ ఉంది.

అన్న ఈ ఎనిమిదేళ్లుగా పంజాగుట్టలోనే ఒక షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లో బండ్లు వరుసగా పెట్టిస్తున్నాడు. పెళ్లిళ్లలో కలుస్తాం, మటన్ బాగుందనుకుంటాం, విడిపోతాం. మొన్న సిగ్నల్ దాటాక ఇంటికి పోబుద్ధి కాక తిన్నగా అక్కడికే వెళ్లాను. మెడలో విజిల్, నీలం చొక్కా. చెయ్యి ఇప్పుడు బాగానే వణుకుతోంది, దాచుకోవడం మానేశాడు.

“అన్నా, గా డర్ట్ బైక్ యాదికున్నదా? తప్పు నీది కాదే. నేను పెట్టిన గార్డుది” అన్నాను.

“తెల్సు. లివర్ నొక్కంగనే తెలిసింది.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలె?”

“కస్టమర్ ముందల నీ పని తప్పని ఎట్ల జెప్పాలె రా? సాయంత్రం ఇంటికొచ్చి ఏమైందని అడుగుతవనుకున్న. నెల రోజులు జూసిన. అటెన్క గీ నౌకరి పట్టిన.”

ఇంతలో ఒక కారు సెల్లార్‌లోకి దిగింది. అన్న విజిల్ ఊదుకుంటూ అటు వెళ్లాడు. నేను స్కూటర్ ఎక్కడ పెట్టాలో తెలియక, దారికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రమే అడగాల్సిన మాట ఎనిమిదేళ్లకు అడిగితే జవాబైతే దొరుకుతుంది, ఆ జవాబుతో బాగుచేసుకోవడానికి మాత్రం ఏదీ మిగిలి ఉండదు.