ఐదింటి ప్రార్థన

"ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటామండీ" అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా క్రైస్తవుల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లలు పరీక్ష తప్పినా ఆ మాట అనేసి చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తాం. గుమ్మం దిగేలోపే మరిచిపోతాం. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు మా సంఘంలో లేరు.

తొంభైల చివర్లో బందరులో టీచరుగా చేసేదాన్ని. తెల్లవారుజామున ఐదింటికి లేచి మోకరించాలని ఏటా తీర్మానం చేసుకునేదాన్ని. అలారం మోగితే దాని నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ ముసుగు తన్నేదాన్ని. స్త్రీల కూడికలో మాత్రం ప్రార్థనా జీవితంలో క్రమం ఉండాలని అరగంట దంచేదాన్ని. సిగ్గులేని నోరు!

గిలకలదిండి నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఒకామె ఉండేది. మా మతం కాదు. మొగుడు పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఒక ఆదివారం నా చేతిలో బైబిలు చూసి, "మా ఆయన గురించి మీ దేవుడికి చెప్పండమ్మగారూ" అంది.

"రోజూ ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను. అలవాటైన నోరు కదా.

"ఏ టయానికి చేస్తారండీ?"

అంతవరకూ ఎవరూ నన్ను అలా అడగలేదు. పరువు పోతుందని "ఐదింటికి" అన్నాను.

నెల దాటాక మా గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తూ చెప్పింది.

"తెల్లారి ఐదింటికల్లా ఆయన్ని లేపి, మొహం కడిగి, గోడకి ఆనించి కూచోబెడతన్నానండీ. అవతల మీరు ఆయన కోసం అడుగుతుంటే ఇవతల మనిషి పడుకునుంటే ఏం బాగుంటుందండీ? బరువు మనిషి, నా నడుం పోతంది. అయినా ఒక్క రోజు తప్పలేదండి."

నా మీద నాకే అసహ్యం వేసింది. నిజం చెప్పేశాను. "నేను ఒక్క రోజు కూడా చెయ్యలేదమ్మా. ఆ వేళకి నిద్రపోతున్నాను."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మరి నేనెందుకు లేపినట్టండీ ఆయన్ని?"

క్షమించమని అడగబోయాను. ఈ నోటిని ఇంకెవరు నమ్ముతారు? ఆమె రోజూ వెళ్లేటప్పుడు "ఓ చెయ్యెయ్యండమ్మగారూ" అంటూ చేపల తట్ట నా చేత ఎత్తించుకునేది. ఆ రోజు అడగలేదు. మోకాలి మీద ఆనించి, ఒక్కతే నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా వీధికి రాలేదు.

మర్నాడు ఐదింటికి లేచాను. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని మేం చెప్పుకుంటాం. ఏం కాలేదు. ఆ మాట మీద కూడా కోపమొచ్చింది. కోపంతోనే మోకరించాను. ఆమె మొగుడి పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టబోయాను. పేరు తెలియదు. నెల్లాళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.