కెప్టెన్ అంకుల్ కోసం ప్రార్థన

పోయిన వారం మా మనవరాలు లైబ్రరీ నుంచి ఇటుకంత లావు బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకుని సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "ఏముందే అందులో?" అన్నాను. "స్పేస్‌లో వార్, అమ్మమ్మా. కానీ అసలు స్టోరీ ఫ్యామిలీ గురించి, లవ్ గురించి. ఇలాంటిది ముందెవరూ చేయలేదంట," అంది. ఎవరూ చేయలేదట! నాకు నవ్వాగలేదు. టెక్సాస్‌లో ఈ ప్లేనోలోనే, మా వంటింటి బల్ల మీద, నలభై ఏళ్ల పైమాటే, అలాంటి పుస్తకం ఒకటి తయారైంది. బొమ్మలు వేసింది మా తోడికోడలు. దాని మూలంగా ఒక ఆదివారం మేమంతా ఉన్నచోటే కొయ్యబారిపోయాం. ఆ అదురు నాకింకా పూర్తిగా వదల్లేదు.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, ఇండియన్ ఆర్మీలో కెప్టెన్. పెళ్లయిన కొన్నాళ్లకే డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్లాడు. పోయాడని కబురు రాలేదు, ఉన్నాడనీ రాలేదు. కనబడటం లేదని మాత్రం చెప్పారు. మా తోడికోడలు కొన్నాళ్లు ఏడ్చింది, కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత నర్సు ఉద్యోగం సంపాదించుకుని అమెరికా వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. డెబ్భైల చివర ప్లేనో ఇప్పటిలా ఉండేది కాదు. రోడ్డుకు అటు చేలు, ఇటు కొత్త ఇళ్లు. మన పచ్చిమిరపకాయలు దొరక్క ఇక్కడి హాలపీన్యో మిరపకాయలతో పచ్చడి నూరుకుని, బాగుందని ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకునేవాళ్లం. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. అమెరికన్ల చర్చి వెనక హాలును ఆదివారం మధ్యాహ్నాలు మాకిచ్చేవారు.

ఆరాధనలో పాటలయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పుకునే వేళ ఒకటుంటుంది. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి గ్రీన్‌కార్డు. ఒకావిడ తన అత్తగారికి వీసా రావాలని పైకి అడిగి, రాకూడదని లోపల అడుగుతుందేమోనని నా అనుమానం. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. చిన్నవాళ్లు చెప్పినా పెద్దవాళ్లు చెప్పినా, నోటివెంట వచ్చిన అవసరత కోసం అప్పటికప్పుడు ప్రార్థన చేయాల్సిందే. జవాబు వచ్చిందని వాళ్లే లేచి సాక్ష్యం చెప్పేదాకా ఏ ఆదివారమూ దాన్ని వదలకూడదు. మా మరిది మాట మాత్రం అక్కడ ఎవరూ ఎత్తేవారు కాదు. మా తోడికోడలు అడగలేదు. మాకు ధైర్యం చాలలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి కంప్యూటర్ ప్రింటవుట్ల పాత కాగితాలు తెచ్చేవారు. అంచుల్లో చిల్లులతో, ఒకదానికొకటి అతుక్కుని మడతలు మడతలుగా వచ్చేవి. వాటి వెనక వైపు తెల్లగా ఉండేది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. దాన్ని కూర్చోబెట్టుకుని, డ్యూటీ లేని రోజుల్లో మా తోడికోడలు ఆ కాగితాల మీద కథ వేసేది. రెండు గ్రహాల మధ్య యుద్ధం. ఒక కెప్టెన్ ఓడెక్కి ఆ యుద్ధానికి వెళతాడు. ఆయన భార్య వంటింట్లో ఒక కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే అవతలి గ్రహం మీద కెప్టెన్ కనిపిస్తాడు. కానీ అంత దూరం నుంచి వెలుతురు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆవిడ ఈరోజు చూస్తున్న కెప్టెన్ ఎన్నో ఏళ్ల కిందటి మనిషి. గడ్డం గీసుకుంటూ ఉంటాడు, బూట్లు తుడుచుకుంటూ ఉంటాడు. ఇప్పుడున్నాడో లేడో ఆ కిటికీ చెప్పదు. నేను కూర తరుగుతూ ఓరకంట చూసి, పిల్ల కోసం ఏదో పిచ్చి గీతలు గీస్తోంది, మనసు కాస్త మళ్లిందిలే అని సంతోషించాను. నా తెలివి అలా తెల్లారింది.

ఆ వసంతంలో మా ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తమ్ముడి పేర ఆదరణ కూడిక పెట్టాలని. మనిషి పోయాక ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘమంతా చేరే ప్రార్థన అది. అది జరిగిందంటే మనిషి పోయినట్టే లెక్క. హ్యూస్టన్‌లో ఒక డాక్టరుగారు, భార్య పోయినాయన, మా తోడికోడల్ని చేసుకుంటానని కబురు పెట్టారు. "ఎన్నాళ్లని ఇలా ఉంటావమ్మా? ఏదో ఒకటి తేల్చుకోవాలిగా," అన్నారు మా ఆయన. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. పళ్లెం తీసుకుని సింకు దగ్గరికి వెళ్లిపోయింది. మౌనం అర్ధాంగీకారం అనుకుని, వచ్చే ఆదివారమే ప్రకటించమని ఆయన పాస్టరుగారికి చెప్పేశారు.

ఆ ఆదివారం రానే వచ్చింది. అవసరతలు చెప్పడం అయిపోవచ్చింది, పాస్టరుగారు ప్రకటనలకు గొంతు సవరించుకుంటున్నారు. అంతలో నా పక్కనున్న మా అమ్మాయి చెయ్యెత్తి లేచి నిలబడింది. "ప్లీజ్ ప్రే ఫర్ కెప్టెన్ అంకుల్. ఆయన్ని ఎనిమీస్ జైల్లో పెట్టారు. చచ్చిపోలేదు. ఇంటికి రావాలి," అంది.

చిన్నాన్న సంగతి ఆ పిల్లకు మేమెవరమూ ఎన్నడూ చెప్పలేదు! వెనక వరసలో ఎవరో "యేసయ్యా" అన్నారు. పాస్టరుగారు చేతిలో ప్రకటన కాగితంతో మా ఆయన వైపు చూశారు, పిల్ల వైపు చూశారు. అవసరత నోటివెంట వచ్చేసింది, పద్ధతి పద్ధతే. కాగితం బైబిల్లో పెట్టేసి, కళ్లు మూసుకుని, ఏ మనిషి పేర ఆదరణ కూడిక ప్రకటించాలని వచ్చారో ఆ మనిషినే క్షేమంగా ఇంటికి చేర్చమని ప్రార్థించారు. మొదట్లో ఆయన గొంతు తడబడింది. తర్వాత తడబడలేదు. చివర్లో అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది మా తోడికోడలు. అన్నేళ్లలో ఆవిడ గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

తర్వాత భోజనాల దగ్గర, పులిహోర ట్రేలు తెరుస్తూ, "నీకెవరు చెప్పారే?" అని పిల్లని నిలదీశాను. "పిన్ని స్టోరీలో ఉందిగా మమ్మీ! మొన్న గ్రీన్ పీపుల్ పట్టుకుపోయారు," అని తన సంచిలోంచి కాగితాల మడత తీసి నా చేతిలో పెట్టింది. సంఘమంతా కలిసి బొమ్మల కథలోని కెప్టెన్ కోసం దేవుణ్ని బతిమాలాం!

మా ఆయన ఆ మడత లాక్కుని, ఖాళీగా ఉన్న పొడవాటి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచారు. ఒక్కో బొమ్మా చూసుకుంటూ నడిచారు. కథలో కెప్టెన్‌కి ఒక అన్న ఉన్నాడు. రోజూ వచ్చి, "ఆ కిటికీ మూసెయ్యమ్మా, కళ్లు పోతాయి," అని మరదలికి చెబుతుంటాడు. చివరి బొమ్మలో ఆ మరదలు ఇంట్లో లేదు. అన్న ఒక్కడే వచ్చి, చొక్కా చేతితో కిటికీ అద్దం తుడిచి, దానికి నుదురు ఆనించి తమ్ముణ్ని చూసుకుంటున్నాడు.

మా ఆయన అక్కడే ఆగిపోయారు. తమ్ముడి కోసం ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆవేళ అందరి ముందూ, స్టైరోఫోమ్ పళ్లాల మధ్య, వెక్కివెక్కి ఏడ్చారు. మా తోడికోడలు పక్కకొచ్చి నిలబడింది.

"మిగతాది ఇంకా వేయలేదు బావగారూ," అంది. "కాగితం అయిపోయింది."

ఆయన కళ్లు తుడుచుకుని, "రేపు తెస్తానమ్మా," అన్నారు.

అంతే. ఆదరణ కూడిక మళ్లీ ఎవరూ తలపెట్టలేదు. హ్యూస్టన్ డాక్టరుగారు ఇంకెవరినో చేసుకుని సుఖంగా ఉన్నారు. ఎనభైలంతా కాగితాలు వస్తూనే ఉన్నాయి, కథ సాగుతూనే ఉంది. మా ఆయన పోయి కూడా చాలాకాలమైంది.

మనవరాలి మాట విన్నాక పోయి ఆ మడత తెచ్చి దాని ముందు పడేశాను. హాల్లోంచి వంటింటి దాకా పరుచుకుని, మోకాళ్ల మీద పాక్కుంటూ చూసింది. ఒకచోట వాళ్లమ్మ చిన్నప్పటి రాతలో ‘కెప్టెన్ అంకుల్’ అని చూసి చటుక్కున తలెత్తింది. "వెయిట్, అమ్మమ్మా. చర్చిలో మనం ఎవ్రీ సండే ప్రే చేసే కెప్టెన్ అంకుల్, ఈయనా? నేను యూఎస్ ఆర్మీలో ఎవరో అనుకున్నా!" దాని చిన్నప్పటి నుంచీ చేస్తున్న ప్రార్థనే. సాక్ష్యం చెప్పి ఆపించేవాళ్లు లేక సాగుతూనే ఉంది. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా తోడికోడలి దగ్గరికి పరుగెత్తి, "చిన్నమ్మమ్మా, దీనికి ఎండింగ్ ఏదీ?" అని అడిగింది.

ఎనభై దాటిన ఆ మనిషి తల ఎత్తకుండానే అంది: "వెలుతురు ఇంకా దారిలో ఉందమ్మా."

కాలం వెళ్లిపోతుందని అందరూ అంటారు. మా ఇంట్లో ఒకరి కాలం మాత్రం ఇంకా వస్తూనే ఉంది.