ఎల్స్ రాయని నతానియేలు గారు

నతానియేలు గారికి ‘లేదు’ అనడం రాదు. నోరు తిరగక కాదు. ఆ మాట గొంతులో బయల్దేరి, పెదాల దాకా వచ్చి, అక్కడ మనసు మార్చుకుని ‘కూర్చోండి, చూద్దాం’ అయి బయటపడుతుంది. భవానీపురం శాఖా గ్రంథాలయంలో ఆయన లైబ్రేరియన్‌గా చేరినప్పటి నుంచీ ‘లేదు’ అనిపించుకుని మెట్లు దిగిన పాఠకుడు లేడు. కూర్చుని కూర్చుని విసుగెత్తి దిగినవాళ్ళు మాత్రం బోలెడుమంది.

ఇంట్లోనూ అంతే. ఓసారి పక్కింటి మరియదాసు గోడ మీద నుంచి తల పెట్టి, “నతానియేలు గారూ, నిచ్చెన ఉందాండీ?” అని అడిగాడు. ఆ ఇంట్లో ఏనాడూ నిచ్చెన లేదు. “కూర్చో, చూద్దాం” అని ఈయన పెరటి తలుపు తీసుకుని సందులోకి వెళ్ళి, కాసేపటికి ఎవరిదో నిచ్చెన భుజాన వేసుకుని వీధి గుమ్మంలోంచి వచ్చారు.

“ఇది మాదేనండీ! మొన్న వెనకింటి వాళ్ళకిచ్చి మర్చిపోయాను” అన్నాడు మరియదాసు.

“చూశావా మరి, వెతికితే దొరక్కపోవడం అంటూ ఉండదు” అన్నారు నతానియేలు గారు.

ఆయన భార్య సంపూర్ణమ్మ గారు ఇంకో మాట చెబుతుంది. “పెళ్ళిచూపుల్లో, పిల్ల నచ్చిందా బాబూ అని మా నాన్న అడిగితే కూడా కూర్చోండి, చూద్దాం అన్నారమ్మా. మా నాన్న అప్పటికే కూర్చుని ఉన్నాడు.”

ఆమె ఈ మాట చెప్పింది శాలినికి. శాలిని ఆ లైబ్రరీలో అసిస్టెంటు, కాంట్రాక్టు ఉద్యోగం. ఇప్పుడు చెప్పబోయే సంగతంతా ఆమె చెప్పుకు తిరిగేదే. తన తెలివికి జనం నవ్వాల్సిన చోటు రాగానే, వాళ్ళకి ఆ శ్రమ లేకుండా ముందు తనే నవ్వేస్తుంది.

లైబ్రరీలో లేని పుస్తకం ఎవరైనా అడిగితే నతానియేలు గారు వాళ్ళని కూర్చోబెట్టి, ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళేవారు. సంపూర్ణమ్మ గారి పర్మిషన్ లేనిదే పుస్తకం కూడా ఇవ్వరు కాబోలు అనుకునేది శాలిని. రెండ్రోజులకి ఆ పుస్తకం బల్ల మీద ప్రత్యక్షమయ్యేది.

“ఎక్కడ దొరికింది సార్?”

“ఉండాల్సిన చోటే ఉందమ్మా.”

బీరువాల వెనక ఎక్కడో పడి ఉంటుందని శాలిని సరిపెట్టుకునేది.

ఇంతలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇకమీదట పుస్తకాలు వెతకడం కంప్యూటర్లోనే జరగాలి. అది చేతకాని శాఖలో ఇద్దరుంటే ఒక పోస్టు ఎత్తేస్తారు. ఆ ఒకటి ఎవరిదో శాలినికి వేరే చెప్పక్కర్లేదు.

“సాఫ్ట్‌వేర్ ఎప్పుడిస్తారండీ?” అని ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది.

“అది తర్వాత. ముందు మీరు సిద్ధంగా ఉండండి” అన్నారు అవతలివాళ్ళు.

ఇక ఇద్దరూ కలిసి యూట్యూబ్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టారు. వీడియోలో కుర్రాడు “హాయ్ ఫ్రెండ్స్” అంటే, నతానియేలు గారు “నమస్కారమండీ” అని బదులు చెప్పాకే పెన్ను తీసేవారు. శాలిని డిగ్రీ పరీక్షలకి చదివినట్టు ప్రోగ్రాముల్ని బట్టీ పట్టింది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది. అది ఏం చేస్తుందని అడిగితే మాత్రం మళ్ళీ మొదట్నుంచీ అప్పజెప్పేది.

నతానియేలు గారి మొదటి ప్రోగ్రాము నిక్షేపంగా పనిచేసింది. మర్నాడు పొద్దున చూస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు.

“ఏం మార్చారు సార్?”

“ఏం మార్చలేదమ్మా. లైన్లు చిందరవందరగా ఉంటే సర్దానంతే.”

పుస్తకాలు సర్దినట్టు, లైన్లన్నిటినీ ఏ నుంచి జెడ్ దాకా అక్షర క్రమంలో పేర్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. శాలినికైతే తప్పేమీ కనిపించలేదు కూడా. ఆఖర్న వచ్చిన ఖాళీ లైన్ల మీద లైబ్రరీ స్టాంపు వేసే వీలుందా అని ఆలోచించింది.

అసలు పేచీ ఇఫ్, ఎల్స్ దగ్గర వచ్చింది. ఇఫ్ అంటే పుస్తకం ఉంటే చూపించు. ఎల్స్ అంటే లేకపోతే లేదని చెప్పు. నతానియేలు గారు ఇఫ్ వరకు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెన్ను జేబులో పెట్టేశారు.

“ఎల్స్ రాయాలి సార్.”

“ఎందుకమ్మా?”

“పుస్తకం లేకపోతే...”

“లేకపోవడం అంటూ ఉండదమ్మా. మనం ఇంకా వెతక్కపోవడం ఉంటుంది.”

ఎల్స్ బదులు ఆయన ఇంకేవో లైన్లు రాసుకున్నారు. దాంతో లేని పుస్తకం అడిగితే తెర మీద ‘కూర్చోండి, చూద్దాం’ అని పడి, గుండ్రటి చక్రం ఒకటి తిరుగుతూ ఉండేది. భోజనం చేసి వచ్చినా తిరుగుతూనే ఉండేది.

సోమవారం తనిఖీ. ఈ చక్రం చూస్తే తన ఉద్యోగం గిర్రున తిరిగి కృష్ణలో పడుతుందని శాలినికి దడ పట్టుకుంది. శనివారం ఆయన భోజనానికి వెళ్ళిన సందు చూసుకుని ప్రోగ్రాము తెరిచింది. అర్థం కాని లైన్లన్నీ చెత్త కింద లెక్కేసి తీసేసింది. బట్టీ పట్టిన ఎల్స్ ఒకటి తెచ్చి అక్కడ దిగ్గొట్టింది. వీడియో కుర్రాడికి నేనే పాఠం చెప్పొచ్చు అనుకుంటూ చేతులు దులుపుకుంది.

సోమవారం తనిఖీ అధికారి రామకోటేశ్వరరావు గారు వచ్చారు. కుర్చీ లాక్కుని ‘తేనెటీగల పెంపకం’ అని కొట్టారు.

తెర మీద ‘లేదు’ అని పడింది.

శాలిని గర్వంగా నతానియేలు గారి వంక చూసింది. ఇంతలో దాని కింద ఇంకో ‘లేదు’ పడింది. దాని కింద ఇంకోటి. తర్వాత లేదు, లేదు, లేదు అంటూ వర్షాకాలం బ్యారేజీ గేట్లెత్తినట్టు తెర నిండా పారడం మొదలైంది. శాలిని గారి ఎల్స్ పడకూడని చోట పడింది. లైబ్రరీలో ఉన్న ఒక్కో పుస్తకాన్నీ తీసి, ఇది తేనెటీగలది కాదు కాబట్టి లేదు, ఇదీ కాదు కాబట్టి లేదు అని చెప్పుకుపోతోంది. నతానియేలు గారు జన్మలో అనకుండా దాచుకున్న లేదులన్నీ ఒక్కపూటలో ఖర్చయిపోతున్నాయి. ఆయన చేత్తో తెర మూయబోయారు. వేళ్ళ సందుల్లోంచి కూడా లేదులు కారాయి.

“ఏంటండీ ఇది?” అన్నారు అధికారి.

“కూర్చోండి, చూద్దాం” అన్నారు నతానియేలు గారు, ఎర్రబడ్డ మొహంతో.

లైబ్రరీ మనిషి కదా, ప్రతి దానికీ రెండో ప్రతి దాచే అలవాటు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి పాత ప్రోగ్రాము పెట్టారు. మళ్ళీ ‘కూర్చోండి, చూద్దాం’. మళ్ళీ చక్రం. టీ వచ్చింది. అధికారి టీ సగం తాగేసరికి టింగుమంది.

‘ఉయ్యూరు: మా దగ్గరుందండీ. అట్ట చిరిగింది, పర్వాలేదా? సాయంత్రం బస్సుకి పంపిస్తాను. అమలమ్మ.’

మళ్ళీ టింగుమంది. ‘మైలవరం: ఇక్కడా ఒకటుందండీ.’

“ఇదివరకు పెరట్లోకెళ్ళి చుట్టుపక్కల లైబ్రరీల వాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాణ్ణండీ” అన్నారు నతానియేలు గారు, దొంగతనం బయటపడ్డవాడిలా. “ఇప్పుడు ఇదే అందరికీ కబురు పెడుతుంది. వాళ్ళూ మాలాగే వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. అమలమ్మ గారు కామాలు బాగా పెడతారు.”

తను చెత్తనుకుని తీసేసిన లైన్లేమిటో అప్పటికి తెలిసింది శాలినికి. బల్ల కింద ఖాళీ ఉందేమోనని చూసుకుంది.

“మరి ఇందాకటి లేదులు ఎవరు రాశారు?” అన్నారు అధికారి.

“ఆ టీ చల్లారిపోతోందండీ” అన్నారు నతానియేలు గారు.

అధికారి టీ ముగించి, కాగితాలు సర్దుకుంటూ, “బాగుంది. ఇంత బాగా నడుస్తోంది కాబట్టి అడుగుతున్నా. ఇక్కడ ఒక్కరితో సరిపెట్టుకునే వీలుందా?” అన్నారు.

అయిపోయిందనుకుంది శాలిని. ఈయన ‘కూర్చోండి, చూద్దాం’ అంటారు. ఆఫీసు భాషలో దానికి అర్థం ‘సరే’.

“లేదండీ” అన్నారు నతానియేలు గారు.

తడుముకోలేదు. గొంతులో ఎక్కడా ఆగలేదు. అధికారి ఒక క్షణం ఆయన మొహం చూసి, “లేకపోతే లేదు లెండి. ఆ తేనెటీగలు రాగానే నాకో ఫోన్ కొట్టండి” అని లేచారు. పోస్టు నిలబడింది.

జీపు మలుపు తిరగ్గానే శాలిని ఆయన వైపు తిరిగింది. “సార్, మీరు లేదన్నారు!”

“అన్నానా?” ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. “నీ ఎల్సేనమ్మా. ఎక్కడ రాయాలో ఇవాళ తెలిసింది.”

అప్పుడే గుమ్మంలోంచి మరియదాసు తల పెట్టాడు. “నతానియేలు గారూ, మా నిచ్చెన మళ్ళీ కనపడ్డం లేదండీ. మీరేమైనా చూశారా?”

ఆయన నోరు తెరిచేలోగా శాలిని కుర్చీ జరిపింది.

“కూర్చోండి, చూద్దాం.”